తోటలో దిగిన ఆ రంగుల పిట్ట ఏది? మళ్ళీ చూడాలంటే ఎలా?

మీ తోటలో దిగిన ఒక పిట్ట పోలికలు చెప్పి, అది ఏదో, మళ్ళీ ఎలా చూడాలో అడిగారు. ఆకుపచ్చ వీపు, కంటి మీదుగా వెడల్పాటి నల్ల పట్టీ, తోక కింద ఎరుపు, ఉందో లేదో అన్నంత పొట్టి తోక. పైగా అక్టోబరు నెలలో నేల మీద గెంతుతూ కనిపించిందన్నారు. అనుమానం అక్కర్లేదు, అది పొన్నంకి పిట్టే. లకుముకి పిట్టేమోనని అడిగారు కానీ, లకుముకి ఎండుటాకులు తిరగేస్తూ నేల మీద తిరగదు. దాని ముక్కు కూడా బాగా పొడుగు.

ఈ పిట్ట మీ ఊరిది కాదు, దారిన పోతూ దిగింది. హిమాలయాల దిగువ కొండల్లోనూ మధ్య భారతపు అడవుల్లోనూ వానాకాలంలో గూడు కట్టి పిల్లల్ని పెంచుతుంది. వానలు వెనకపట్టగానే దక్షిణాదికి బయలుదేరుతుంది, కొన్ని శ్రీలంక దాకా వెళతాయి. తిరిగి ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరానికి ప్రయాణం. ఎగిరేది రాత్రిపూట కాబట్టి తెల్లవారేసరికి ఎక్కడ చెట్ల నీడ కనిపిస్తే అక్కడ వాలుతుంది. అలా మీ తోటకు వచ్చింది. ఒకటి రెండు రోజులు ఉండి వెళ్ళిపోతే బెంగపడకండి.

మళ్ళీ చూడాలంటే చలికాలంలో కొండల అడుగున ఉండే అడవులకు వెళ్ళండి. నేను చూసింది ఎక్కువగా శేషాచలం కొండల దిగువన, ఎండిన వాగుల పక్కన తుప్పల్లో. మెడలో బైనాక్యులర్లు వేసుకున్న ప్రతివారూ కొమ్మల్లోకే చూస్తారు, ఇదేమో కాళ్ళ దగ్గర తిరుగుతుంటుంది! చూడటానికి ముందు వినాలి. తెల్లవారుజామున, మళ్ళీ సూర్యాస్తమయం వేళ రెండు స్వరాల ఈల వేస్తుంది. మొదటిది పైకి లేస్తుంది, రెండోది జారుతుంది. గొప్ప పాటగత్తె ఏమీ కాదు, ఉన్నవి ఆ రెండే. కానీ ఆ ఈల చాలా దూరం వినిపిస్తుంది. వినిపించిన దిక్కుకు పరుగెత్తవద్దు. కాస్త దగ్గరగా వెళ్ళి, ఒక చెట్టుకు ఆనుకుని కదలకుండా కూర్చోండి.

ముందుగా ఆకుల చప్పుడు వినిపిస్తుంది. ముక్కుతో ఒక్కో ఎండుటాకునూ పక్కకు విసిరేసి, కింద దొరికిన పురుగును నోట కరుచుకుని రెండు గెంతులు వేసి ఆగుతుంది. ఆగినప్పుడు ఆ పొట్టి తోక నెమ్మదిగా పైకీ కిందికీ ఆడుతుంది. 15 నుంచి 19 సెంటీమీటర్ల పిట్టలో అన్ని రంగులున్నా నీడలో కదలకుండా నిలబడితే ఆకుల్లో కలిసిపోతుంది. రెక్క మీది మెరిసే నీలం ఒక్కటే పట్టిస్తుంది. ఎగిరినప్పుడు మాత్రం నల్ల రెక్కల్లో తెల్ల మచ్చ తళుక్కుమంటుంది.

ఫోనులో దాని కూత వినిపించి రప్పించడం కొందరికి అలవాటు. నాకు అది చూస్తే ఒళ్ళు మండుతుంది. తిండి వెతుక్కునే పిట్ట ఆ పని మానుకుని, లేని ప్రత్యర్థి కోసం తిరగాల్సి వస్తుంది.

ఇక అద్దాల కిటికీకి తగిలి పడితే ఏం చేయాలన్న ప్రశ్న. వలస రోజుల్లో ఇలా తరచూ జరుగుతుంది. గాలి ఆడేలా కన్నాలు చేసిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, పిట్టను అందులో ఉంచి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట పెట్టండి. నోట్లో నీళ్ళు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తేరుకుంటే చెట్లున్న చోట వదిలేయండి. రెక్క వేలాడుతుంటే అటవీ శాఖకు గానీ పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యుడికి గానీ చూపించాలి.

పంజరంలో పెంచుకోవచ్చా అని కూడా అడిగారు. కూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అంతగా ముచ్చటపడితే తోటలో ఒక మూల రాలిన ఆకులను ఊడ్చకుండా వదిలేయండి, పురుగుమందు చల్లకండి. వచ్చే అక్టోబరులో దారిన పోయే పిట్టకు అక్కడ తిండి దొరుకుతుంది.