కాటు నుంచి మెదడు దాకా: రేబిస్ వైరస్‌పై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి కుక్కకాటు గురించి, అసలు వైరస్ మన కణంలోకి ఎలా చొరబడుతుందన్న దాని గురించి వచ్చిన ప్రశ్నలు తీసుకున్నాం.

ప్రశ్న: మా బాబును వీధికుక్క పిక్క మీద కరిచింది. ఇంట్లో పెద్దవాళ్లు కారం, సున్నం పెట్టబోతే ఆశా కార్యకర్త ఆపి, పావుగంటసేపు సబ్బుతో కడిగించారు. మామూలు సబ్బుకి వైరస్ పోతుందా అండీ? – ఒక గృహిణి, నంద్యాల

జవాబు: పోతుందండీ. ఆమె మీ బాబుకి చాలా మేలు చేశారు. రేబిస్ వైరస్ సుమారు 180 నానోమీటర్ల పొడవు, 75 నానోమీటర్ల మందం ఉంటుంది. లోపల జన్యు సమాచారం ఉండే ఆర్‌ఎన్‌ఏ పోగు, దాన్ని పట్టుకున్న ప్రోటీన్లు, వాటిపైన ఒక కొవ్వు పొర. ఆ పొర వైరస్ తయారుచేసుకున్నది కాదు. తాను పుట్టిన కణం నుంచి బయటపడేటప్పుడు ఆ కణపు పొరలోనే కొంత కప్పుకుని వస్తుంది. కొత్త కణాన్ని పట్టుకోవడానికి పనికొచ్చే ‘జి’ ప్రోటీన్ ముళ్లు ఆ పొరలోనే నాటుకుని ఉంటాయి. సబ్బు కొవ్వు పొరను చెదరగొడుతుంది. పొరతోపాటు ముళ్లూ పోతాయి. మిగిలిన ఆర్‌ఎన్‌ఏకి కణంలోకి వెళ్లే దారి ఉండదు. (పోలియో వైరస్‌కి ఈ కొవ్వు పొర లేదు. అందుకే దాన్ని సబ్బు కడిగి పంపగలదే గానీ ఇలా విరగ్గొట్టలేదు.)

పంటిగాటు లోతుగా ఉంటుంది కాబట్టి పైపైన తుడిస్తే చాలదు. కుళాయి కింద పెట్టి, గాయం అంచులు విడదీసి, ధారగా 15 నిమిషాలు కడగాలి. తర్వాత పోవిడోన్ అయొడిన్ రాయాలి. కారం, సున్నం, జిల్లేడుపాలు గాయాన్ని రేపుతాయి, రుద్దుడుకి వైరస్ ఇంకా లోపలికి పోతుంది. కుట్లు కూడా వెంటనే వేయించకూడదు. సూదిపోట్లే వైరస్‌ను లోపలి కండకి చేర్చగలవు. తప్పనిసరైతే గాయంలోకి సీరం (వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు అనే ప్రోటీన్లున్న మందు) ఎక్కించి, కొన్ని గంటలు ఆగి, వదులుగా వేస్తారు. కరిచి ఒకటి రెండు రోజులైనా సరే, అప్పటిదాకా కడగకపోతే అప్పుడైనా కడగండి.

ప్రశ్న: కణం బయట వైరస్ జీవం లేనిదే అని మా పుస్తకంలో ఉంది. కదల్లేనిది కాలి నుంచి మెదడు దాకా ఎలా వెళ్తుంది? – ఇంటర్ బైపీసీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: తనంతట తాను ఒక్క అడుగూ వేయదమ్మా. ప్రతి అడుగూ మన కణమే వేయిస్తుంది. వైరస్‌ల గురించి గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

కండరమూ నరమూ కలిసే చోట అసిటైల్‌కోలిన్ గ్రాహకాలు, అంటే నరం పంపే రసాయన సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లు, ఉంటాయి. వైరస్ ‘జి’ ప్రోటీన్ వాటికి అతుక్కోగలదు. నరం కొసపై ఉండే ఎన్‌క్యామ్, పి75 అనే ప్రోటీన్లకూ అతుక్కుంటుంది. ఇలా పట్టు దొరకని కణాల్లోకి అది దూరలేదు. అతుక్కున్నాక కణం తన పొరను లోపలికి మడిచి, వైరస్‌ను ఒక చిన్న తిత్తిలో మింగుతుంది. ఆ తిత్తిని ఎండోసోమ్ అంటారు. నరం కొస నుంచి కణదేహానికి సంకేతాలు మోసుకెళ్లే డైనీన్ అనే మోటారు ప్రోటీన్ ఈ తిత్తినీ సూక్ష్మనాళికల మీదుగా, అంటే కణం లోపలి పట్టాల్లాంటి పోగుల మీదుగా, లాక్కెళ్తుంది. పాదానికి వచ్చే ఒక్కో నరకణం తోక దాదాపు మీటరు పొడవు ఉంటుంది. ప్రయోగాల్లో ఈ ప్రయాణం రోజుకు 5 నుంచి 10 సెంటీమీటర్ల దాకా తేలింది.

తిత్తిలో ఆమ్లత పెంచడం కణానికి అలవాటు. పీహెచ్ 6.3 దరిదాపులకు దిగగానే ‘జి’ ప్రోటీన్ ఆకారం మారి తిత్తి గోడలోకి గుచ్చుకుంటుంది. వైరస్ పొర, తిత్తి పొర ఒకటైపోతాయి. ఆర్‌ఎన్‌ఏ కణద్రవ్యంలోకి దిగుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. రేబిస్ ఆర్‌ఎన్‌ఏ రుణ పోగు. ప్రోటీన్లు తయారుచేసే మన రైబోసోములు దాన్ని నేరుగా చదవలేవు. దాన్ని చూసి చదవగలిగే పోగు రాసిపెట్టే ఎంజైము మన కణం దగ్గర లేదు. అందుకే ‘ఎల్’ అనే ఆ ఎంజైమును వైరస్ వెంట తెచ్చుకుంటుంది. వట్టి రేబిస్ ఆర్‌ఎన్‌ఏను కణంలో పెడితే ఏమీ జరగదు. పోలియోది రైబోసోములు నేరుగా చదవగలిగే ధన పోగు కాబట్టి, దాని ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే లోపల పడ్డా కొత్త వైరస్‌లు పుడతాయి. ఈ తేడా పరీక్షల్లోనూ అడుగుతారు.

రేబిస్ ఆర్‌ఎన్‌ఏలో ఉన్నది సుమారు 12,000 అక్షరాలు, 5 జన్యువులు. మిగతా సరంజామా, అంటే రైబోసోములు, అమైనో ఆమ్లాలు, శక్తినిచ్చే ఏటీపీ, అంతా మనదే. 1903లో ఇటలీ వైద్యుడు అడెల్కి నెగ్రీ మెదడు కణాల్లో గుర్తించిన మచ్చలు, అంటే నెగ్రీ బాడీస్, ఈ ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తయారయ్యే చోట్లే. ‘వైరస్ విభజన చెందుతుంది’ అని మాత్రం రాయకు. బాక్టీరియాలా అది రెండుగా చీలదు. విడిభాగాలు వేరువేరుగా తయారై, చివర్లో కూడుకుంటాయి. లోపలికి దిగిన తర్వాత కొంతసేపు కణంలో ఎంత వెదికినా పూర్తి వైరస్ ఒక్కటీ కనబడదు.

అక్కడి నుంచి ఒక నరకణం నుంచి మరో నరకణానికి దాటుతూ వెన్నుపాము, మెదడు చేరి, తిరిగి నరాల గుండానే లాలాజల గ్రంథులకు దిగుతుంది.

ప్రశ్న: కుక్క కరిస్తే డాక్టరు యాంటీబయోటిక్ మాత్రలు రాశారు. అవి వాడుతుంటే టీకా మానవచ్చా? – ఒక రైతు, జనగామ

జవాబు: మానకండి. ఆ మాత్రలు బాక్టీరియా కణగోడనో, బాక్టీరియా రైబోసోమునో దెబ్బతీస్తాయి. వైరస్‌కి గోడ లేదు, సొంత రైబోసోమూ లేదు. కుక్క నోటిలోని బాక్టీరియాతో గాయం చీము పట్టకుండా ఆ మాత్రలు, ధనుర్వాతం రాకుండా టీటీ ఇంజెక్షను ఇస్తారు. రేబిస్‌ను ఈ రెండూ ఆపవు.

ప్రశ్న: టీకాలన్నీ జబ్బు తగలకముందే వేస్తారు కదా, కుక్కకాటుకి తర్వాత వేస్తే ఎలా పనిచేస్తుంది? సీరం కూడా ఎందుకు? – ఒక ఉపాధ్యాయుడు, ఏలూరు

జవాబు: వైరస్ నెమ్మదితనమే మనకు దొరికే గడువు. నరం ఎక్కాక వేగంగానే పోతుంది గానీ, ఎక్కడానికి ముందు కండరంలో చాలా రోజులు ఉండిపోగలదు. అందుకే లక్షణాలు సాధారణంగా రెండు మూడు నెలలకు బయటపడతాయి. ముఖం, మెడ, చేతివేళ్ల మీద కాటైతే ఇంకా ముందే రావచ్చు. అక్కడ నరాలు దట్టం, మెదడూ దగ్గర.

టీకా వేశాక మన శరీరం యాంటీబాడీలు తయారుచేయడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఆలోపు కాపలాకే సీరం, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీలు. ‘జి’ ముళ్లను కప్పేసి, వైరస్ నరం కొసకి అతుక్కోకుండా చేస్తాయి. కాబట్టి దాన్ని గాయం లోపల, చుట్టూ ఎక్కించాలి. దూరంగా పిరుదుకి పొడిచి పంపితే ఆ పని జరగదు. గుర్రపు సీరం కిలో బరువుకు 40 యూనిట్లు, మనిషి సీరం 20 యూనిట్లు. 60 కిలోల మనిషికి గుర్రపు సీరం 2,400 యూనిట్లు. మిల్లీలీటరుకు 300 యూనిట్ల మందైతే 8 మిల్లీలీటర్లు. గాయాలు ఎక్కువై మందు చాలకపోతే సెలైన్ కలిపి అన్నిటికీ అందిస్తారే తప్ప మోతాదు పెంచరు. రక్తం కారిన ప్రతి కాటుకూ సీరం కావాలి. మొదటి రోజు దొరకకపోతే తొలి టీకా నుంచి 7వ రోజు వరకు ఇవ్వవచ్చు. ఆ తర్వాత అవసరం ఉండదు, అప్పటికి సొంత యాంటీబాడీలు మొదలవుతాయి.

టీకా చర్మంలోకైతే 0, 3, 7, 28 రోజుల్లో, ప్రతిసారీ రెండు భుజాలకూ 0.1 మిల్లీలీటరు చొప్పున. కండరానికైతే 0, 3, 7, 14, 28. కరిచిన రోజు కాదు, తొలి టీకా వేసిన రోజే ‘0’. పిరుదుకి ఎప్పుడూ వేయించకండి. అక్కడి కొవ్వులో మందు సరిగా పనిచేయదు. ఒక మోతాదు ఆలస్యమైతే మళ్లీ మొదటికి రానక్కర్లేదు, అక్కడి నుంచి కొనసాగించాలి.

బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లన్న భయంతో ఇంకా కొందరు ఆస్పత్రికి పోవడం లేదు. అది గొర్రె మెదడు నుంచి తీసిన పాత టీకా. మన దేశంలో 2004 డిసెంబరులోనే దాని తయారీ ఆపేశారు. ఇప్పటివి కణాల్లో పెంచి, చంపిన వైరస్‌తో చేసినవి. హైదరాబాద్‌లోనూ తయారవుతున్నాయి.

లక్షణాలు మొదలయ్యాక మాత్రం దాదాపు ఎవరూ బతకరు. అప్పటికి వైరస్ మెదడులో ఉంటుంది. రక్తంలోని యాంటీబాడీలు అక్కడికి చాలినంతగా చేరవు.

ప్రశ్న: పిచ్చికుక్క కరిచిన మా గేదె చనిపోయింది. దాని పాలు తాగిన వాడకట్టంతా టీకాలు వేయించుకోవాలా? – ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: కాచిన పాలైతే భయం లేదు, వేడికి వైరస్ నశిస్తుంది. పచ్చిపాలు తాగడం మంచిది కాకపోయినా, పాల ద్వారా మనిషికి రేబిస్ వచ్చినట్టు ఆధారాలు లేవు. అందుకని పాలు తాగినందుకు మన దేశంలో టీకా సూచించరు. అసలు ప్రమాదం గేదె నోట్లో చేయిపెట్టి మందు తాగించినవాళ్లకి. చేతిమీద గీతలు, పుండ్లు ఉంటే వాళ్లు ఈరోజే వెళ్లాలి.

ప్రశ్న: కరిచిన కుక్క బాగానే తిరుగుతోంది. 10 రోజులు చూశాక టీకా మొదలుపెట్టవచ్చా? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు మొదలుపెట్టండి, చూడటం పక్కనే సాగనివ్వండి. కుక్క లాలాజలంలోకి వైరస్ వచ్చేది దాని మెదడు చేరాకే. ఆ దశకు వచ్చిన కుక్క కొద్దిరోజుల్లోనే జబ్బుపడి చనిపోతుంది. 10 రోజులు నిక్షేపంగా ఉందంటే, కరిచిన రోజు దాని నోట్లో వైరస్ లేదన్నమాట. మిగిలిన మోతాదుల సంగతి అప్పుడు డాక్టరు చెబుతారు. ఈ లెక్క కుక్కకీ, పిల్లికీ మాత్రమే. కోతి కరిస్తే ఎదురుచూపులు లేవు, కోర్సు మొత్తం పూర్తి చేయాలి.