తొలి టోపీ అల్లబోతున్న మనవరాలికి

బుజ్జితల్లీ,

నిన్న ఫోన్లో "అమ్మమ్మా, టోపీకి ఎన్ని కుట్లు ఎక్కించాలో చెప్పు చాలు, మిగతాది వీడియో చూసి అల్లేస్తా" అన్నావు. నేను సంఖ్య చెప్పకుండా నసిగానని అలిగినట్టున్నావు. ఆ లెక్క నా దగ్గర ఉండదు తల్లీ, నీ చేతిలోనే ఉంటుంది. ఎలాగో తీరిగ్గా రాస్తున్నాను.

1974లో మీ తాతయ్యకి ఢిల్లీ బదిలీ అయింది. అప్పటిదాకా విజయవాడ దాటనిదాన్ని. చలి అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు పెట్టేటప్పుడు వేసేదే అనుకునేదాన్ని. డిసెంబరు వచ్చేసరికి క్వార్టర్స్‌లో ఆడవాళ్ళంతా మధ్యాహ్నం ఎండలో మంచాలు వేసుకుని, వేరుశెనక్కాయలు ఒలుచుకు తింటూ ఊలు అల్లుకునేవారు. పక్కింటి పంజాబీ ఆవిడ నాకు సలాయిలు, అంటే ఊలు అల్లే సూదులు, పట్టుకోవడం నేర్పింది. "నూరు కుట్లు వెయ్యి" అంది, వేశాను. ఆవిడ చెయ్యి బిగువు, అంగుళానికి 5 కుట్లు పడేవి. నాది వదులు, 4 పడ్డాయి. అవే నూరు కుట్లకి ఆవిడ టోపీ చుట్టుకొలత 20 అంగుళాలు, నాది 25. మీ తాతయ్య పెట్టుకుంటే గడ్డం దాకా దిగింది. ఆయన ఒక్క మాట అనకుండా దాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి కుక్కర్‌కి తొడిగారు. అతికినట్టు సరిపోయింది!

అందుకని ముందు టోపీ జోలికి పోకు. 24 కుట్లు ఎక్కించి, ఒక అయిదు అంగుళాల ఎత్తు ముక్క అల్లు. బల్ల మీద లాగకుండా పరిచి, మధ్యలో స్కేలు పెట్టి 4 అంగుళాల్లో ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టు. అంచుల్లో కొలవకు, అవి ముడుచుకుపోయి అబద్ధం చెబుతాయి. 18 వచ్చాయనుకో, అంగుళానికి నాలుగున్నర. ఇప్పుడు నువ్వు టోపీ అల్లిపెట్టబోయే అబ్బాయి తల కొలువు, టేపు కనుబొమల మీదుగా, చెవుల పైనుంచి తిప్పి. 22 అంగుళాలు ఉంటే టోపీ 20 చాలు, ఊలు సాగుతుంది కదా. ఇరవైని నాలుగున్నరతో హెచ్చిస్తే 90. దాన్ని 88 చెయ్యి, ఎందుకంటే పైన తగ్గించుకునేటప్పుడు ఎనిమిదితో భాగించబడే సంఖ్య అయితే హాయి. నీ ముక్కలో 20 వస్తే ఈ లెక్క మారిపోతుంది, 96 పెట్టుకో. వీడియోలో ఆవిడ ఎంత చెప్పినా సరే, నువ్వు నీ ముక్కనే నమ్ము.

ఊలు కొనేటప్పుడు చీటీ మీద 4 అనే అంకె ఉన్నది తీసుకో, మధ్యస్థం మందం ఊలు, వర్‌స్టెడ్ అంటారు. 100 గ్రాముల ఉండ ఒక్కటి చాలు, మిగులుతుంది కూడా. అబ్బాయికి నలుపు ఇష్టమన్నావు. రెండో టోపీ నలుపు అల్లుదువుగానిలే. నల్ల ఊలులో జారిన కుట్టు నాకే కనిపించదు, నీకేం కనిపిస్తుంది? లేత బూడిద రంగో, గోధుమ రంగో తీసుకో. నూగు లేచే ఊలు కూడా వద్దు.

సూదుల నంబర్ల దగ్గర జాగ్రత్త. మా పాత సలాయిల్లో నంబరు పెరిగితే సూది సన్నబడేది. మీ అమెరికాలో నంబరు పెరిగితే లావవుతుంది. మా 8 నంబరు 4 మిల్లీమీటర్లు, మీ 8 నంబరు 5 మిల్లీమీటర్లు. నేనేదో నంబరు చెప్పడం, నువ్వు ఇంకోటి కొనడం ఎందుకు? మిల్లీమీటర్లే చూసుకో, 5 మిల్లీమీటర్ల సూది, వెదురుది, రెండు మొనలనీ తీగ కలిపే గుండ్రటి రకం, మొన నుంచి మొనకి 16 అంగుళాలు ఉన్నది. వెదురు మీద కుట్లు తొందరగా జారవు. అల్యూమినియం సూదులు చేయి తిరిగాక వాడుదువుగాని.

కుట్లు ఎక్కించేటప్పుడు ముందుగా నాలుగు మూరల దారం వదిలేసి మొదలుపెట్టు. తక్కువ వదిలితే 80 కుట్లు ఎక్కాక దారం అయిపోతుంది, ఏడుపొస్తుంది. మరీ బిగించి ఎక్కించకు. ఆ అంచే నుదుటి మీద కూర్చునేది, బిగువైతే అబ్బాయి తీసేసరికి ఎర్రటి గీత పడుతుంది.

తర్వాత రెండు కొసలూ కలిపే చోటు. ఇక్కడే నాలుగేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళూ బోల్తా పడతారు. నేను గుండ్రటి సూది మొదటిసారి పట్టుకున్నది మీ అమ్మ పురిటికి అక్కడికి వచ్చినప్పుడు. అప్పటికి పాతికేళ్ళ పైగా అల్లుతున్నానన్న ధీమా. కబుర్లలో పడి చూసుకోలేదు, కుట్లు తీగ చుట్టూ ఒక మెలిక తిరిగి ఉన్నాయి. నాలుగు అంగుళాలు అల్లాక చూస్తే టోపీ కాదు, ఎనిమిది అంకెలా మెలితిరిగిన పట్టీ. దానికి మందు లేదు, అంతా విప్పడమే. కాబట్టి కలిపేముందు సూదిని బల్ల మీద పెట్టి, కుట్ల అడుగు అంచు చుట్టూ లోపలివైపుకే ఉందో లేదో వేలితో తడుముతూ చూడు. ఒక వరస అల్లాక మళ్ళీ చూడు. వరస మొదలు తెలియడానికి వేరే రంగు దారం ముక్క ఉంగరంలా కట్టి సూదికి తగిలించు.

బోర్డర్ 2 సీదా, 2 ఉల్టా. మీ వీడియోల్లో నిట్, పర్ల్ అంటారే, అవే. సీదా అల్లేటప్పుడు దారం సూది వెనక ఉండాలి, ఉల్టాకి ముందుకి రావాలి. తెచ్చేటప్పుడు రెండు సూదుల సందులోంచి తేవాలి, సూది మీదుగా తెచ్చావో ఒక దొంగ కుట్టు పుడుతుంది. 88 కాస్తా 93 అవుతుంది, ఎక్కడ పుట్టాయో తెలీదు. మొదటి నాలుగు వరసలూ ప్రతి వరస చివరా లెక్కపెట్టుకో. 2 అంగుళాలు బోర్డరు, ఆ పైన అంతా సీదాయే. అంచు నుంచి ఆరున్నర అంగుళాలు వచ్చేదాకా సీరియల్ చూస్తూ అల్లుకోవచ్చు.

మధ్యలో ఒక కుట్టు జారితే టెన్షన్ పడకు, సూది లాగెయ్యకు. జారిన కుట్టు పైన నిచ్చెన మెట్లలా దారాలు కనిపిస్తాయి. క్రోషా హుక్కు ఆ కుట్టులోకి పోనిచ్చి, పై మెట్టుని పట్టుకుని కుట్టులోంచి లాగు. అలా మెట్టు మెట్టుగా పైకి తెచ్చి సూదికి ఎక్కించు. ఎక్కడ జారిందో తర్వాత నువ్వే పోల్చుకోలేవు. తప్పు మరీ కిందుంటే మాత్రం విప్పెయ్యి. మేం పిల్లలకి పొట్టయిన స్వెటర్లు విప్పి, ఆ ఊలు కుర్చీ వీపుకి చుట్టి, గోరువెచ్చని నీళ్ళలో తడిపి, చిన్న బరువు కట్టి ఆరేస్తే వంకరలన్నీ పోయేవి. మళ్ళీ అదే ఊలుతో ఇంకో పెద్ద స్వెటరు. మీ అమ్మ ఎర్ర స్వెటరు అలా మూడుసార్లు పుట్టింది.

పై భాగం: 9 సీదా, ఆ తర్వాత రెండు కుట్లు కలిపి ఒకటిగా. ఇలా ఎనిమిదిసార్లు చేస్తే 80 మిగులుతాయి. ఒక వరస మామూలుగా అల్లు. తర్వాత 8 సీదా, రెండు కలిపి. ఇలా వరస విడిచి వరస తగ్గిస్తూ 48కి వచ్చాక, ప్రతి వరసలోనూ తగ్గించు. 96తో మొదలుపెడితే 9 బదులు 10 సీదా, అంతే తేడా. కుట్లు తగ్గేకొద్దీ గుండ్రటి సూది మీద సాగక మొండికేస్తాయి. అప్పటికి రెండువైపులా మొనలున్న సూదులు, అవే 5 మిల్లీమీటర్లవి, ఒక సెట్టు కొని పెట్టుకో. మొదట ముళ్ళపందిని ఒళ్ళో పెట్టుకున్నట్టు ఉంటుంది, రెండు వరసలకి అలవాటైపోతుంది.

చివరికి 8 కుట్లు మిగిలితే దారం ఒక జానెడు వదిలి కత్తిరించు. ఆ కొసని మొండి సూదికి ఎక్కించి కుట్లన్నిట్లోంచీ రెండుసార్లు పోనిచ్చి బిగించి, లోపలివైపు దాచి కుట్టెయ్యాలి. ఆ 8 కుట్ల దగ్గర ఆగి నాకు వీడియో కాల్ చెయ్యి. మాకు తెల్లవారుజామున అయిదంటే చలికాలంలో మీ షికాగోలో ముందురోజు సాయంత్రం అయిదున్నర. నేను లేచే ఉంటాను.

అమ్మమ్మ