ఉప్పునీళ్లలో జారిన ఉంగరం

ప్రశ్న: మొన్న ఆదివారం సూర్యలంక బీచ్‌లో మోకాలి లోతు నీళ్లలో ఆడుతుంటే నా నిశ్చితార్థం ఉంగరం జారిపోయింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు, ఒకటే టెన్షన్. మెటల్ డిటెక్టర్ తెస్తే దొరుకుతుందాండీ?

జవాబు: దొరకొచ్చు, కానీ ఏది పడితే అది తేకండి. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మామూలు రకం తడి ఇసుక మీద పెడితే కింద ఏమీ లేకపోయినా కుయ్యోమంటుంది, ఎందుకంటే లోహంలోలాగే ఉప్పునీళ్లలోనూ కరెంటు పారుతుంది. పల్స్ ఇండక్షనో (కరెంటును ఆగి ఆగి పంపే రకం), మల్టీ ఫ్రీక్వెన్సీయో (ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు వాడే రకం) అడగండి, కాయిల్, అంటే కర్ర చివరుండే గుండ్రటి పళ్లెం, నీళ్లలో మునిగినా పాడవదని కనుక్కోండి. సముద్రం బాగా వెనక్కి తగ్గిన వేళ వెళ్లి, కర్రతో ఇసుక మీద వరసలు గీసుకుని, కాయిల్‌ని నేలకు దాదాపు ఆనిస్తూ మెల్లగా తిప్పండి. తొందరపడ్డారో, దాటిపోతారు. పోయింది ఉంగరం కావడం కాస్త నయం, జానెడు లోతులో ఉన్నా పలకొచ్చు. అదే సన్న గొలుసైతే ఒక్కోసారి పైనే ఉన్నా పలకదు. కూల్‌డ్రింక్ డబ్బాల రింగులు మాత్రం అచ్చం బంగారంలాగే మోగుతాయి, విసుక్కోకుండా ప్రతి మోతా తవ్వాల్సిందే. ఈలోగా ఇంట్లో చెప్పేయండి, వెతకడానికి ఇంకో మనిషి తోడవుతారు.