టైల్స్ తర్వాత, ముందు గొట్టాలు

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

తాతయ్య ఇల్లు బిల్డరుకు ఇవ్వనని, బాగుచేయించుకుని అందులోనే ఉంటానని అన్నావట. మీ నాన్న ఫోన్‌లో ఆ మాట చెప్పగానే కడుపు నిండిపోయింది. ఆ వెంటనే వచ్చే నెల హాల్లో, వంటింట్లో టైల్స్ వేయిస్తున్నావన్నాడు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఆ నేల కింద అరవయ్యో దశకంలో వేసిన మట్టి మురుగు గొట్టాలున్నాయి తల్లీ. వాటి సంగతి తేలకుండా ఒక్క పలక కూడా పరవనివ్వకు.

సింకు ఒక్కటే నెమ్మదిగా పోతుంటే దాని కింది వంపు గొట్టంలో, అదే ట్రాప్‌లో, మడ్డి పేరుకుందంతే. వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలినప్పుడు మరుగుదొడ్డిలో బుడబుడమంటే మాత్రం ప్రధాన గొట్టాన్ని అనుమానించాలి. గేటు దగ్గరి చివరి ఛాంబర్, అంటే మురుగు గొట్టాలు కలిసే గుంత, మూత తీయించు. అదీ నిండి ఉంటే వీధి లైను పూడుకుందన్నమాట, జలమండలికి ఫిర్యాదు చెయ్యి. అది ఖాళీగా ఉండి పెరటి ఛాంబర్ నిండి ఉంటే, అడ్డు నీ వంటింటి కిందే ఉంది.

మీ తాతయ్యకు ఇదంతా తెలుసు. అయినా ఏటా వానలకు గొట్టం పూడుకోవడం, ఎవరినో పిలిచి వెదురు బద్దలతో పొడిపించడం, నీళ్లు కదలగానే మరిచిపోవడం. ఆ గొట్టాలు రెండేసి అడుగుల ముక్కలు. ప్రతి అతుకులో పురికొస చుట్టి సిమెంటు పూశారు. నేల కాస్త కుంగినా అతుకు విచ్చుకుంటుంది, తడి కోసం బాదం చెట్టు వేళ్లు అందులోకి దూరతాయి. బద్దతో పొడిస్తే వేళ్ల మధ్య దారి పడుతుంది గానీ వేళ్లు పోవు. పైగా పగిలిన అంచులు ఇంకా రాలతాయి. హాల్లో మొజాయిక్ వేసేటప్పుడు మేస్త్రీ ప్రాధేయపడ్డాడు, "అయ్యా, ఇప్పుడే గొట్టాలు మార్పించండి" అని. "నీళ్లు పోతున్నాయిగా" అన్నారు తాతయ్య. అద్దంలాంటి నేల వచ్చింది, ఇల్లంతా మురిసిపోయాం.

తర్వాతి వానాకాలం సంపులో నీళ్లు కాస్త వాసన వేశాయి. అమ్మ పటిక వేసి తేర్చింది. నెల తిరగకముందే మీ నాన్నకు పచ్చకామెర్లు, ఆ వెనకే మీ చిన్నత్తకు. పిల్ల మంచం మీద కళ్లు తెరిస్తే తెల్లగుడ్డు ఉండాల్సినచోట పసుపే కనిపించేది. కొత్త మొజాయిక్‌ను ఉలితో పగలగొట్టించాం. అతుకు దగ్గర నాలుగు వేళ్లు పట్టేంత సందు, చుట్టూ నల్లటి బురద, ఆ తడి చార సంపు గోడదాకా పాకి ఉంది. తాతయ్య ఆ గుంత పక్కనే కూర్చుండిపోయారు, భోజనానికి పిలిచినా లేవలేదు. అంత జరిగినా డబ్బు చాలక, పగిలిన ఆ ఒక్క ముక్కే మార్చారు. మిగతావి ఇప్పటికీ నీ కాళ్ల కిందే ఉన్నాయి.

కాబట్టి ప్లంబరుతో నీటి పరీక్ష చేయించు. కింది ఛాంబర్‌లో గొట్టం మూతి బిగించి, పై నుంచి నీళ్లు నింపి, మట్టం దగ్గర సుద్దతో గీత గీయాలి. అరగంటలో నీళ్లు గీత నుంచి బాగా దిగితే గొట్టం కారుతున్నట్టే. కెమెరా దింపేవాళ్లు దొరికితే ఇంకా మంచిది. కారుతుంటే సంపు అంత దగ్గరలో ఉన్న ఇంట్లో వచ్చే ఏడాదికి వాయిదా వేయకు. ముక్క మార్చి సరిపెట్టకు కూడా. వీలైతే ఇంటి కింద నుంచి కాకుండా పక్క సందులో, సంపుకు దూరంగా, నాలుగంగుళాల పీవీసీ కొత్త లైను వేయించి పాతదాన్ని మూసేయించు. పది అడుగులకు రెండంగుళాల వాలు చాలు. మలుపు తిరిగిన ప్రతిచోటా ఛాంబర్ కట్టించు, దాని మూత మీద టైల్స్ పరిపించకు.

ఇంకొక్క మాట, ఇది కోపంగానే చెబుతున్నాను. ఎంత తొందరైనా మనిషిని మాన్‌హోల్‌లోకి దింపనివ్వకు. విషవాయువు ఎక్కువగా ఉంటే వాసన కూడా తెలియదు, క్షణాల్లో మనిషి కూలిపోతాడు. రక్షణ పరికరాలు లేకుండా అలా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. యంత్రం వచ్చేదాకా ఆగు.

ఖర్చుకు జంకకు. సగం నేను పెట్టుకుంటాను, మీ నాన్నతో అనకు. వానలు జూన్‌లో దిగుతాయి, ఈలోపే తవ్వకం పూర్తవ్వాలి. పరీక్ష చేసిన రోజు ఆ సుద్ద గీత ఫొటో తీసి పంపు, చూశాక మేస్త్రీతో నేనే మాట్లాడతాను.

ప్రేమతో,
పెదనాన్న