కథ సుఖాంతమే, అయినా పాప రాత్రుళ్లు ఉలిక్కిపడుతోంది

ప్రశ్న: మా పాపకు రెండేళ్ల ఎనిమిది నెలలు. ఈమధ్య ఏడు నిమిషాల యానిమేషన్ షార్ట్ ఫిల్మ్ ఒకటి చూపించాం. గాలివానలో తల్లికి దూరమైన పక్షిపిల్ల చివరికి గూటికి చేరుతుంది. ఎక్కడా కొట్టుకోవడాలు లేవు, ‘అన్ని వయసుల వారికీ’ అని కూడా రాసి ఉంది. మూడు రోజులుగా పాప రాత్రి లేచి, నేను పక్కనే ఉన్నా ‘అమ్మ ఏదీ’ అని ఏడుస్తోంది. ఇంత చిన్నపిల్లలకు ఏ చిత్రం తగినదో ఎలా తెలుసుకోవాలి?

సమాధానం: ముందుగా, మీ పాపకు వచ్చింది జబ్బు కాదు, మీరు చేసింది క్షమించరాని తప్పూ కాదు. సాధారణంగా ఇలాంటి భయం కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది.

మనం కథ చూస్తాం. మూడేళ్ల లోపు పిల్లలు దృశ్యాలు చూస్తారు. మొదట జరిగినదాన్ని చివర జరిగినదానితో కలిపి ‘అంతా బాగైపోయింది’ అని సర్దిచెప్పుకొనే శక్తి ఆ వయసులో ఇంకా పూర్తిగా రాదు. తల్లి కనిపించని దృశ్యాలు నాలుగు నిమిషాలు సాగి, తల్లీపిల్లలు కలుసుకోవడం ఇరవై సెకన్లలో ముగిస్తే, పాప మనసులో నిలిచేది ఆ నాలుగు నిమిషాలే. పైగా ఈ వయసు పిల్లలకు తల్లి కనబడకపోవడాన్ని మించిన భయం లేదు. అందుకే హింస లేదన్న ఒక్క కారణంతో ఒక చిత్రం పసిపిల్లలకు తగినదని నేను చెప్పను. ‘అన్ని వయసుల వారికీ’ అన్న ముద్ర అభ్యంతరకరమైనది ఏమీ లేదని మాత్రమే చెబుతుంది, రెండేళ్ల బిడ్డకు నప్పుతుందని కాదు.

ఏ చిత్రమైనా ముందు మీరొక్కరే చూడండి, అదీ రెండుసార్లు. మొదటిసారి కళ్లు మూసుకుని వినండి. భయపడిన పిల్లలు చాలాసార్లు కళ్ల కంటే ముందు చెవులు మూసుకోవడం నేను గమనించాను; బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా, హఠాత్తుగా విరుచుకుపడే ఉరుము, గుండె దడను పోలిన సంగీతం వారిని బిగదీస్తాయి. రెండోసారి శబ్దం తీసేసి చూడండి. తెరపై ఉన్నదేమిటో మీరు పేరు పెట్టి చెప్పేలోపే దృశ్యం మారిపోతుంటే ఆ వేగం పసివారికి ఎక్కువని అర్థం. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో, నాలుగేళ్ల పిల్లలు తొమ్మిది నిమిషాల పాటు వేగంగా సాగే కార్టూన్ చూసిన వెంటనే, బొమ్మలు వేసుకున్న పిల్లల కంటే నిగ్రహం, ఏకాగ్రత కావలసిన పనుల్లో వెనుకబడ్డారు. అది అప్పటికప్పుడు కొలిచిన ప్రభావమే అయినా, తేలిగ్గా తీసుకోదగినది కాదు. నవ్వుతున్న ముఖం ఉన్నట్టుండి వికృతంగా మారే దృశ్యాలను కూడా వదిలేయండి. ఈ వయసువారు మంచీ చెడూ రూపాన్ని బట్టే నిర్ణయిస్తారు. ఆగి ఆగి మెరిసే తీవ్రమైన వెలుగులు ఉన్న చిత్రాలు అసలే వద్దు. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక కార్టూన్‌లోని ఎరుపు, నీలం మెరుపుల వల్ల వందలాది పిల్లలు మూర్ఛ వంటి లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు.

ఇక పాపతో చూసేటప్పుడు ఒడిలో కూర్చోబెట్టుకుని, తెర కంటే ఎక్కువగా ఆమె ముఖాన్నే చూడండి. రెప్ప వేయడం మానేసినా, వేళ్లు నోట్లో పెట్టుకుని మీ మీదికి ఒరిగినా, ‘ఆపనా’ అని అడగకుండా ఆపేయండి. కదలకుండా చూస్తోంది కాబట్టి నచ్చిందనుకుని చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్లు నిండని పిల్లలకు తెర చూపించకపోవడమే మంచిది, ఆ పైన నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించకూడదు.

ప్రస్తుతానికి భయం పోగొట్టాలని అదే చిత్రం మళ్లీ చూపించకండి. ‘అదంతా ఉత్తిదే’ అన్న మాట ఈ వయసులో పని చేయదు. దగ్గరకు తీసుకుని పడుకోబెట్టడం పని చేస్తుంది. పగలు రెండు బొమ్మలతో పిల్ల గూటికి చేరే ఆట ఆడించండి, పాప ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. రెండు మూడు వారాలైనా ఏడుపు తగ్గకపోయినా, తిండి మానేసినా, వచ్చిన మాటలు, అలవాట్లు వెనక్కి పోయినా పిల్లల వైద్యుడికి చూపించండి. తెర చూస్తూ స్పృహ లేనట్టు ఉండిపోయినా, కాళ్లూ చేతులూ కొట్టుకున్నా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ షార్ట్ ఫిల్మ్‌ను, పక్షిపిల్ల చివరికి ఎక్కడికి చేరిందో పాపే మీకు వరుసగా చెప్పగలిగే వయసు వచ్చాక మళ్లీ చూపించవచ్చు.