యుగాండా హ్యూమన్ రైట్స్ కమిషన్ ఎలా పుట్టింది? ఉత్తి పేరుకేనా, పవర్ ఉందా?

నేను యుగాండా రాజధాని కంపాలాలో ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ చూస్తా, లాయర్ని కాదు, కానీ ఆ ఆఫీసు మెట్లెక్కినోణ్ణి కాబట్టి రాస్తున్నా. ఆఫ్రికాలో ఈ కమిషన్లన్నీ ఫారిన్ ఫండ్స్ కోసం పెట్టిన బోర్డులే కదా అని అడిగారు మీరు. కొన్నిచోట్ల అనుమానం రావడంలో తప్పులేదండి, నైజీరియాలో 1995లో అబాచా మిలటరీ సర్కారే డిక్రీ ఇచ్చి కమిషన్ పెట్టింది, అదే ఏడాది నవంబర్లో రచయిత, ఉద్యమకారుడు కెన్ సారో వివాని ఉరి తీసింది, ఇంక మీరే చూస్కోండి. యుగాండా సంగతి మాత్రం వేరు.

ఇక్కడ మనుషులు మాయమైపోవడం మీద మొదట విచారణ కమిషన్ వేసింది సాక్షాత్తూ అప్పటి నియంత ఇడీ అమీనే అంటే నమ్ముతారా? 1974లో, బయట గోల ఎక్కువైపోయి, ఒక పాకిస్తానీ జడ్జిని పెట్టాడు. ఏదో కంటితుడుపుగా కానిచ్చేస్తాడనుకుంటే ఆయన నిజంగానే విచారించి మూడొందల పైచిలుకు కేసులు తేల్చాడు. రిపోర్టు తొక్కిపెట్టారు, చంపడాలు అలాగే నడిచాయి.

తర్వాత 1986లో తిరుగుబాటు నాయకుడు ముసెవెని అధికారంలోకి వచ్చాక జస్టిస్ ఆర్థర్ ఓడర్ చైర్మన్‌గా ఇంకో కమిషన్ వేశారు, 1962లో స్వాతంత్ర్యం వచ్చినప్పట్నుంచి జరిగిన అరాచకాలన్నీ చూడమని. లెక్క 1986 జనవరి 25తో ఆపేశారు, అంటే ముసెవెని సైన్యం కంపాలా పట్టుకునే దాకా, ఆ తర్వాతది అడగొద్దని, రాజకీయమంటే అదేగా! డబ్బుల్లేక పని మధ్యమధ్యలో ఆగిపోయి రిపోర్టు రావడానికి 1994 అయింది. కానీ ఊరూరా పబ్లిక్‌గా సాక్ష్యాలు తీసుకున్నారు, రేడియోలో కూడా వేశారు. మా స్టోర్స్‌లో పెద్దాయన ఒకాయన ముసెవెని తిరుగుబాటు యుద్ధం బాగా జరిగిన లువేరో వైపువాడు, ఆ యుద్ధం అయ్యాక రోడ్డు పక్కన పుర్రెలు వరసగా పేర్చి ఉండేవని చెప్తాడు, మా ఊళ్ళో జరిగింది రేడియోలో వస్తుంటే మా అమ్మ ఆపెయ్యమనేది అంటాడు.

ఆ కమిషన్ తేల్చిందేంటంటే అప్పటికప్పుడు విచారణలు వేస్తే సరిపోదు, పర్మనెంట్‌గా ఒకటి ఉండాలి అని. అందుకే 1995 రాజ్యాంగంలో 51వ ఆర్టికల్‌గా పెట్టేశారు, 1996లో పని మొదలైంది, మొదటి చైర్‌పర్సన్ జడ్జి మార్గరెట్ సెకాగ్యా.

ఇక పవర్ సంగతి. మన ఢిల్లీ ఎన్‌హెచ్ఆర్‌సీ, అంటే జాతీయ మానవ హక్కుల కమిషన్, విచారించాక సిఫారసు మాత్రమే చేస్తుంది, వీళ్ళు కోర్టులాగా సమన్లు ఇవ్వడమే కాదు, అక్రమంగా పట్టుకున్న మనిషిని వదలమని, నష్టపరిహారం కట్టమని ఆర్డరే వెయ్యొచ్చు, నచ్చనివాళ్ళు హైకోర్టుకి పోవాల్సిందే.

మా డ్రైవర్ తమ్ముడు బోడా బోడా, అంటే బైక్ టాక్సీ, నడుపుతాడు. ఒక స్టేషన్లో కోర్టుకి చూపించకుండా రోజుల తరబడి కూర్చోబెట్టారు, ఇక్కడ రాజ్యాంగం ప్రకారం 48 గంటలు దాటకూడదు. డ్రైవర్‌కి తోడుగా నేనూ కమిషన్‌కి వెళ్ళా. వాడు లుగాండాలో, అంటే ఇక్కడి భాషలో, చెప్తుంటే అక్కడి అమ్మాయే ఫారం నింపింది, పైసా ఫీజు లేదు, ఏ రోజు పట్టుకున్నారు, ఎవరు చూశారు, దెబ్బలున్నాయా అని ఓపిగ్గా అడిగి, మా ముందే స్టేషన్‌కి ఫోన్ చేసింది. సాయంత్రానికి వదిలేశారు. కేసు పెడదామంటే తమ్ముడే వద్దన్నాడు, రేపు అదే రోడ్డు మీద బండి నడపాలి కదా అన్నా అని.

పరిహారం దగ్గర మాత్రం దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు అన్నట్టే ఉంటుంది. ఆర్డర్ వచ్చాక కూడా సర్కారు డబ్బు విడుదల చెయ్యక ఏళ్ళ తరబడి పెండింగ్‌లో ఉన్నవి బోలెడు, ఈ మాట కమిషనే తన వార్షిక రిపోర్టుల్లో రాసుకుంటూ ఉంటుంది. ఇంకోటి, అప్పటికే కోర్టులో నడుస్తున్న కేసుని వీళ్ళు ముట్టుకోరు, మీ వాళ్ళెవరికైనా పని పడితే ముందు అది చూస్కోమనండి.