పాత పికప్ ముందు భాగం దించవచ్చా? ముందు దాన్ని ఎవరు ఎత్తారో చూడండి

పదిహేనేళ్లు దాటిన మీ పికప్ ముక్కు వెనక భాగం కంటే ఎత్తుగా కనిపిస్తోందనీ, రెండంగుళాలు దించితే ఇబ్బంది ఉంటుందా, ఎంత ఖర్చవుతుంది అనీ అడిగారు. నా అభిప్రాయంలో మీ బండిని దించవలసిన పని లేదు. దాన్ని ఎప్పుడో ఎవరో ఎత్తి ఉంటారు, ఆ ఎత్తు తీసేస్తే సరిపోతుంది. బండిని చూడకుండానే ఇంత ధీమా ఏమిటని మీకు అనిపించవచ్చు. కానీ ముందు చక్రాలకు టోర్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు) ఉన్న పాత పికప్ ముక్కెత్తుకొని నిలబడిందంటే, చాలా బండ్లలో ఆ బార్ల బోల్టులను ఎవరో బిగించి ముందు భాగాన్ని లేపి ఉంటారు, కొన్నింటిలో వెనక కమాన్ కట్టలు కుంగిపోయి ఉంటాయి. ముందు బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) అరిగి బండి కాస్త వంగగానే, బుష్‌లు మార్చడం ఖర్చుతో కూడిన పని గనుక, బోల్టును నాలుగు చుట్లు బిగించి పంపేసే అలవాటు మన షెడ్లలో బాగా పాతుకుపోయింది. ఆ తరువాత బండి చేతులు మారుతుంది, కొన్నవాడు అదే కంపెనీ ఎత్తు అనుకుంటాడు.

నేనూ అలాగే అనుకున్నాను. నా బండి మా మామయ్య గారిది. ఆయన దానిలో ఎనిమిది సీజన్ల పాటు గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) తోలి, మోకాళ్ల నొప్పులు వచ్చాక నాకు ఇచ్చేశారు. దాని వాలకం నచ్చక విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకువెళ్లాను. అక్కడి కుర్రవాడు టేపు పట్టలేదు, చుట్లు లెక్కపెట్టలేదు. కింద పడుకొని పానాతో రెండు వైపులా బోల్టులు వదులు చేసి, మడ్‌గార్డు కింద చెయ్యి పెట్టి చూసి, "మూడు వేళ్లు దించేశానన్నా, ఇప్పుడు చూడండి ఎంత బాగుందో" అన్నాడు. నిజంగానే బాగుంది. మూడు వందలు ఇచ్చి సంతోషంగా బయలుదేరాను.

ఆ సాయంత్రం మా అత్తగారి ఊరికి వెళ్తూ కనకదుర్గ వారధి దాటి మంగళగిరి వరకు హాయిగా నడిపాను. జాతీయ రహదారి దిగి ఊరి దారి పట్టాక మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే ముందు చక్రాల కింద ఎవరో సమ్మెటతో కొట్టినట్టు ధన్ మని శబ్దం వచ్చింది. స్టీరింగ్ చేతుల్లో అదిరింది, పక్క సీటులోని క్యారేజీ మూత ఊడి గోంగూర పులుసంతా మ్యాటు మీదికి ఒలికింది. వారం రోజుల వరకు క్యాబిన్‌లో ఆ వాసన పోలేదు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 మార్గదర్శకాలు స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలని చెప్పాయి. మన ఊళ్లలో అదే ఎత్తును రెండడుగుల వెడల్పులో కుక్కి, పైన తెల్ల గీత కూడా వేయకుండా వదిలేస్తారు. బండిని దించాలనుకునేవారు ముందుగా తమ వీధి చివరి దిబ్బను కొలుచుకోవాలని నేను చెప్పేది అందుకే.

మర్నాడు షెడ్డుకు వెళ్తే ఆ కుర్రవాడు, "స్ప్రింగు వదులై మెత్తబడింది కదన్నా, మరి కింద తగులుతుంది" అన్నాడు. ఇది శుద్ధ తప్పు. టోర్షన్ బార్ బిగువు దాని పొడవును, మందాన్ని బట్టి ఉంటుంది. మీరు బోల్టు ఎంత తిప్పినా ఆ ఉక్కు కడ్డీ మెత్తబడదు, బండి బరువుకు అది మెలితిరిగే కోణమూ మారదు. మారేది బండి నిలబడే ఎత్తు ఒక్కటే. ఎత్తు తగ్గినప్పుడు చక్రం పైకి లేవడానికి ఉన్న ఖాళీ తగ్గుతుంది, చక్రాన్ని పట్టుకొని ఉండే కింది చెయ్యి, అంటే లోయర్ ఆర్మ్, వెళ్లి దాన్ని అడ్డుకునే బంప్ స్టాప్ రబ్బరును ముందే గుద్దుతుంది. నా బండిలో ఆ రబ్బరుకూ ఆర్మ్‌కూ మధ్య బొటనవేలు కూడా పట్టలేదు.

మూడు నెలల తరువాత పంక్చరు కొట్టులో చక్రం విప్పినప్పుడు రెండో దెబ్బ బయటపడింది. టైరు బయటి అంచు కొత్తదిలా ఉంది, లోపలి అంచులో మాత్రం దారాలు కనిపిస్తున్నాయి. బండి దిగినప్పుడు చక్రాల తలలు లోపలికి వాలుతాయి, దానితోపాటు టో, అంటే చక్రాలు ముందుకు చూసే దిశ, కూడా మారుతుంది. అలైన్‌మెంట్ చేయించకుండా తిరిగితే టైర్లు మిగలవు. రెండు టైర్లకు నేను పెట్టిన డబ్బుతో ముందు బుష్‌లన్నీ మార్పించి ఉండవచ్చు.

చివరికి పటమటలో, పని దాదాపు మానేసిన ఒక పెద్ద మేస్త్రి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన బోల్టులకు ముందురోజు రాత్రే డీజిల్ పూయించారు. పొద్దున బండిని చదునైన సిమెంటు నేల మీద నిలబెట్టి, నన్ను డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచారు. ఎడమవైపు, కుడివైపు కొలతలకు 15 మిల్లీమీటర్ల తేడా ఉంది. "అబ్బాయ్, వేళ్లతో కొలవడానికి ఇది బియ్యంలో ఎసరు కాదు" అన్నారు. తరువాత ఛాసిస్ కింద జాకీ పెట్టి చక్రాలు వేలాడేంత వరకు లేపారు. బరువు మీద ఉన్న బోల్టును తిప్పితే మరలు చెడిపోతాయట. చుట్టుకు సుమారు 5 మిల్లీమీటర్లు లేస్తుందని లెక్క వేసి ఎడమవైపు నాలుగు చుట్లు, కుడివైపు ఏడు చుట్లు బిగించారు. జాకీ దించాక వెంటనే కొలవలేదు. బండిని పది గజాలు ముందుకూ వెనక్కూ నడిపించి, టైర్లు సర్దుకున్నాక మళ్లీ టేపు పట్టారు. మామయ్య గారి ఎత్తు కంటే ఒక అంగుళం తక్కువగా బండి నిలబడింది, సర్వీసు పుస్తకంలోని కొలతా అంతే.

కాబట్టి మీరు అడిగిన రెండంగుళాలు కంపెనీ ఎత్తు నుంచి తగ్గించేవైతే వద్దు. ఖాళీ పికప్ వెనక భాగం కొంచెం లేచి ఉండడం లోపం కాదు, బరువు వేసినప్పుడు సమం కావడానికే అలా చేస్తారు; ఖాళీగా ఉన్నప్పుడు సమంగా కనిపించాలని సర్దితే, బరువు వేశాక హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలో పడతాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు; 2019 సవరణ తరువాత ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఖర్చు మాటకు వస్తే, మేస్త్రి గారు అయిదు వందలు తీసుకున్నారు, అలైన్‌మెంట్ వేరు. వెళ్లేముందు ఆయన రెండు బోల్టుల మీద పసుపు పెయింటుతో గీతలు పెట్టారు. సర్వీసుకు ఇచ్చిన బండి తిరిగి వచ్చిన ప్రతిసారీ, బిల్లు చూడకముందే నేను కిందికి వంగి ఆ గీతలు జరిగాయేమో చూసుకుంటాను.